గ్వాదలహారా నుంచి ఒహాకా, చియాపాస్ దాకా బస్సులో: కొత్తగా వచ్చినవాళ్లకు

సుధీర్ (గ్వాదలహారా): అందరికీ నమస్కారం. ఈమధ్యే ప్రాజెక్ట్ మీద ఇక్కడికి వచ్చాను. డిసెంబర్ సెలవుల్లో మెక్సికో సిటీ, ఒహాకా, శాన్ క్రిస్తోబల్ మీదుగా కాన్‌కూన్ దాకా బస్సుల్లోనే వెళ్దామని ఉంది. స్పానిష్ అంతంతమాత్రం, జేబు కూడా అంతే. రాత్రి బస్సులు ఎక్కొచ్చా?

వాణి (మెక్సికో సిటీ): ఎక్కొచ్చు సుధీర్ గారూ. కానీ ఇక్కడ బస్సు కంటే ముందు చూసుకోవాల్సింది టెర్మినల్. విజయవాడ బస్టాండ్‌లో లాగా అన్ని వైపుల బస్సులూ ఒకేచోట దొరకవు. ఈ ఊళ్లో నాలుగు పెద్ద టెర్మినళ్లు, నాలుగు దిక్కుల్లో. మీ ఊరి నుంచి వచ్చే ఈటీఎన్, ప్రిమేరా ప్లుస్ కంపెనీల బస్సులు ఎక్కువగా ఉత్తరాన ఉన్న నోర్తేలో దించుతాయి. ఒహాకా వెళ్లే ఏడీఓ కంపెనీ బస్సులు ఎక్కువగా తూర్పున ఉన్న తాపోలో బయల్దేరతాయి. మధ్యలో మెట్రో ఉంది: 5వ లైన్లో ఒసియానియా దాకా వెళ్లి, బి లైన్‌కు మారి సాన్ లాసారోలో దిగితే తాపో పక్కనే. టికెట్ 5 పెసోలే. పెద్ద సూట్‌కేసు ఉంటే మాత్రం రద్దీ వేళ మెట్రో జోలికి పోకండి, టాక్సీయే నయం. మీ గ్వాదలహారా సెంట్రల్‌లో కూడా 7 మాడ్యూళ్లు (విడివిడి భవనాలు) ఉన్నాయి, మీరెక్కే బస్సు ఏ మాడ్యూల్లోనో టికెట్ కొన్నప్పుడే అడగండి.

డబ్బు మిగిల్చేది ముందుగా కొనడంలోనే. ఏడీఓ యాప్‌లో అదే బస్సు, అదే సీటు ముందుగా కొంటే తక్కువకు వస్తుంది. ఇండియా కార్డు పని చేయకపోతే టెర్మినల్ కౌంటర్లోనో ఓక్సో దుకాణంలోనో కొనుక్కోవచ్చు. క్రిస్మస్ వారానికైతే అసలు ఆలస్యం చేయకండి.

రాత్రిపూట చవక అని సెకండ్ క్లాస్ ఎక్కొద్దు. అది దారిపొడవునా ఆగుతుంది, టోల్ లేని 'లిబ్రె' రోడ్డు మీద వెళ్లొచ్చు కూడా. రాత్రికి టోల్ రోడ్డు మీద వెళ్లే ఫస్ట్ క్లాస్ డైరెక్ట్ బస్సే తీసుకోండి, హోటల్ ఖర్చు ఎలాగూ మిగులుతుంది. పగటిపూట దగ్గర ఊళ్లకు సెకండ్ క్లాస్, కాంబీలు (షేర్ వ్యాన్లు) హాయిగా ఎక్కండి. డైరెక్ట్ బస్సు మన దగ్గరలా దాబా దగ్గర ఆపదు, పులిహోరో పెరుగన్నమో కట్టుకోండి. ఏసీ చలికి దుప్పటి తప్పనిసరి.

రమణ (మెరీదా): వాణి గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఒహాకా నుంచి శాన్ క్రిస్తోబల్ దాదాపు రాత్రంతా ప్రయాణం, చివర్లో కొండ మలుపులు. కడుపు తిప్పే రకమైతే ముందే మాత్ర వేసుకో తమ్ముడూ. అక్కడి నుంచి మాయా శిథిలాలున్న పలెంకేకు ఒకోసింగో మీదుగా దగ్గరి దారి ఉంది కానీ తరచూ రోడ్డు దిగ్బంధాలు జరుగుతుంటాయి. వియాఎర్మోసా మీదుగా చుట్టు తిరిగి వెళ్లే బస్సు గంటలు ఎక్కువైనా అదే ఎక్కు. చియాపాస్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు బస్సు ఆపి చూస్తారు. పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు ఒరిజినల్స్ ఒంటిమీదే ఉండాలి, డిక్కీలో వేసిన సూట్‌కేసులో కాదు. సామాను ట్యాగ్ పోగొట్టుకోకు, అది చూపిస్తేనే పెట్టె ఇస్తారు.

కాన్‌కూన్ గడియారం మిగతా దక్షిణం కంటే గంట ముందుంటుంది, తిరుగు ప్రయాణం టికెట్ టైమ్ జాగ్రత్త. కాన్‌కూన్ దాకా ఆ చివరి దూరానికి చియాపాస్ రాజధాని తుస్త్లా నుంచి విమానం రేటు కూడా ఓసారి చూడు. లగేజీ చార్జీ కలిపాక కూడా ఒక్కోసారి బస్సుకు దగ్గరగానే ఉంటుంది.

సుధీర్: చాలా థ్యాంక్స్ అండీ. ఒహాకాలో ఉండగా ప్వెర్తో ఎస్కొందీదో బీచ్ చూసి రావచ్చా? పది గంటలని ఎక్కడో చదివాను.

వాణి: అది పాత లెక్క. 2024 ఫిబ్రవరిలో కొత్త హైవే తెరిచాక కారులో మూడు గంటల లోపే. ఏ బస్సయినా ఎక్కేముందు కొత్త దారిలోనే వెళ్తుందా అని కౌంటర్లో అడగండి.