ఈ-రీడర్‌లో డిక్షనరీ ముఖ్యమా, పెద్ద స్క్రీన్ ముఖ్యమా?

తిరుపతి విద్యార్థిని:
ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరాను. ఇంటర్ వరకు తెలుగు మీడియమే. సెకండ్ హ్యాండ్‌లో రెండు ఈ-రీడర్లు (ఈ-బుక్స్ చదువుకునే పరికరాలు) ఒకే ధరకు దొరుకుతున్నాయి. చిన్నదాంట్లో డిక్షనరీ ఉంది. ఇంకోదానికి స్క్రీన్ పెద్దది, డిక్షనరీ లేదు. "ఫోన్ ఉంది కదా, డిక్షనరీతో పనేంటి" అంటున్నాడు మా అన్న. మీరేమంటారు?

చిత్తూరు మాస్టారు:
పెద్ద స్క్రీనే తీసుకోమ్మా. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. తెలియని పదం వచ్చినప్పుడల్లా ఆగిపోతే చదువు సాగదు. ముందూ వెనకా చూసి అర్థం పట్టుకోవడం అలవాటు కావాలి.

బస్సు చదువరి:
మాస్టారూ, ఈ మాట ఒప్పుకోలేను. నేనూ తెలుగు మీడియమే. ఉద్యోగానికి రోజూ తిరుపతి నుంచి చిత్తూరు వెళ్తాను, నా చదువంతా ఆ బస్సులోనే. ఒక పుస్తకంలో ఏదో దేశం గురించి చెబుతూ 'శాంక్షన్స్' అన్నారు. మనకు శాంక్షన్ అంటే లోన్ మంజూరవడమే కదా! ఆ దేశానికి సాయం అందిందనుకుని రెండు అధ్యాయాలు చదివేశాను. అక్కడ దానర్థం ఆంక్షలు. ఊహ తప్పితే, తప్పిందన్న సంగతి కూడా మనకు తెలియదు. నా భయమంతా అదే.

ఇప్పుడు నా ఈ-రీడర్ కిండిల్‌లో పదం మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం అక్కడే వస్తుంది, నెట్ అక్కర్లేదు. 'వెంట్' మీద నొక్కినా 'గో' చూపిస్తుంది. చూసిన పదాలు, అవి వచ్చిన వాక్యాలతో సహా, వొకాబులరీ బిల్డర్ అనే జాబితాలో చేరతాయి. ఆదివారం కూర్చుని అవి తిరగేస్తాను. అదే ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ మెసేజ్ కనపడుతుంది. చంద్రగిరి దాటినా మళ్లీ పుస్తకంలోకి రాలేను.

చిత్తూరు మాస్టారు:
శాంక్షన్ సంగతి బాగా చెప్పావు నాయనా. ఇంగ్లిష్ వరకు ఒప్పుకుంటాను. మరి తెలుగు? నేను చదివేవి పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. వాటిలో అక్షరాలన్నీ బొమ్మలే, నొక్కితే డిక్షనరీకి ఏం తెలుస్తుంది? చిన్న స్క్రీన్‌లో ఆ పేజీ పట్టదు, కళ్లు లాగుతాయి. పైగా మన సంధులు! 'వానొచ్చిందంటే' అని ఉంటే 'వాన', 'వచ్చు', 'అను' అని విడగొడితే తప్ప నిఘంటువులో దొరకదు. 1852లో మొదట అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువు, దాని పునర్ముద్రణ, నా బల్ల మీదే ఉంటుంది. నాకదే చాలు.

బస్సు చదువరి:
తెలుగు విషయంలో మీరన్నది నిజం. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే ఈ-రీడర్లలో స్టార్‌డిక్ట్ ఫార్మాట్ నిఘంటువులు మనమే చేర్చుకోవచ్చు. అయినా సంధి విడదీసే పని మనదే.

చెల్లెమ్మా, నీ సిలబస్ పుస్తకాలు ఈ-బుక్స్‌గా దొరుకుతున్నాయా, స్కాన్ కాపీలా? ముందు అది చూసుకో. ఈ-బుక్స్ అయితే డిక్షనరీ ఉన్నదాన్ని వదులుకోవద్దు.

తిరుపతి విద్యార్థిని:
ఈ సెమిస్టర్‌కు నాలుగు నవలలు, నాలుగూ ఈ-బుక్స్‌గా ఉన్నాయి. ఒక్క విమర్శ పుస్తకమే స్కాన్ కాపీ, అది లైబ్రరీలో చదువుకుంటాను. చిన్నదానికే రేపు అడ్వాన్స్ ఇస్తున్నా. ఈ రాత్రికి మా అన్నను శాంక్షన్స్ అంటే ఏంటో అడుగుతా.