ఉక్కు అమ్మొద్దంటే కన్జర్వేటివ్ అయిపోతామా?

గాజువాక మాస్టారు:
మొన్న ఆదివారం మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ మాట వచ్చింది. అమ్మకూడదన్నాను. "నాన్నా, నువ్వు కన్జర్వేటివ్‌వి" అనేశాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కులం చూడకుండా పెళ్లి చేసుకున్నవాణ్ణి. కూతురికీ కొడుక్కీ సమానంగా రాసినవాణ్ణి. ఈ లెక్కన లిబరల్‌ని కదా! అందుకే అడుగుతున్నాను. లిబరలిజం, కన్జర్వేటిజం, కాపిటలిజం, వీటిలో మన విశాఖకి మేలు చేసింది ఏది? నిర్వచనాలు వద్దు, మీరు చూసింది చెప్పండి.

నా పక్షం ముందే చెప్తాను. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్డెక్కారు. నవంబరు 1న మన ఊళ్లోనే కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తమ్మీద 32 మంది పోయారంటారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు 1. అంకితం చేసింది పీవీ నరసింహారావు, మన దేశంలో మార్కెట్‌కి తలుపులు తెరిచిన ఆయనే. తలుపులు తెరిచినంత మాత్రాన ఇల్లు అమ్ముకోవాలని లేదని నేననుకుంటాను. 2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం వాటా అమ్మాలని నిర్ణయించిన రోజు నాకు అన్నం సహించలేదు.

మధురవాడ కుర్రోడు:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ బాధతో ఫ్యాక్టరీ నడవదు. 2025 జనవరిలో దాన్ని నిలబెట్టడానికి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అందులో టెక్కలి రైతు కట్టిన పన్ను కూడా ఉంది. ఆయన్ని ఎవరూ అడగలేదు. లాభం వస్తే జేబులో వేసుకోవడం ఒక్కటే కాపిటలిజం కాదు. నష్టం వస్తే దుకాణం కట్టేసుకోవడం కూడా అందులో భాగమే. ఆ రెండోది లేకపోతే ఎవడూ ఒళ్లు దగ్గర పెట్టుకోడు.

మాది అనకాపల్లి దగ్గర బెల్లం వండే ఇల్లు. మా నాన్న ల్యాండ్‌లైన్‌కి అప్లై చేసి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు, ఎవరి చేతనో చెప్పించుకున్నాడు కూడా. 1991లో మార్కెట్ తెరిచాక పుట్టినవాణ్ణి కాబట్టి నాకా తిప్పలు లేవు. నాకు ఉద్యోగమిచ్చిన కంపెనీ నేనెవరి అబ్బాయినని అడగలేదు. మా ఊళ్లో అయితే మొదటి ప్రశ్న అదే. మనిషిని కులం నుంచి విడదీసి చూడటం లిబరలిజం అయితే, నాకు అది మార్కెట్ ద్వారానే అందింది.

సింధియా రిటైర్డ్:
బాబూ, నేను షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. మా యార్డు కథ విను. 1941లో పెట్టింది ప్రైవేటు ఆసామి, వాల్‌చంద్ హీరాచంద్. తెల్లదొరల కాలంలో దేశంలో ఓడలు కడతానని దిగడానికి ఎంత గుండె ఉండాలి! 1948 మార్చి 14న "జల ఉష"ని నెహ్రూ గారు నీళ్లలోకి దింపారు. తర్వాత నడపడానికి డబ్బు చాలలేదు. 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకుంది, 1961కల్లా మొత్తం తీసేసుకుంది. మా బస్టాపు పేరు మాత్రం ఈనాటికీ ఆయన కంపెనీ పేరే, సింధియా. ఆయన తెగువ లేకపోతే యార్డు పుట్టేది కాదు, సర్కారు లేకపోతే బతికేది కాదు. ఇందులో ఏ ఇజం గెలిచిందంటావు?

జింకు సంగతి కూడా చూడు. హిందుస్థాన్ జింక్ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. మన ఊళ్లో స్మెల్టర్ తర్వాత మూతపడింది.

మధురవాడ కుర్రోడు:
మూతపడ్డ ప్రతిదీ ప్రైవేటు వల్లే మూతపడిందనలేం కదా బాబాయ్.

గోపాలపట్నం:
మార్కెట్టే అన్నీ చూసుకుంటుందనేవాళ్లు 2020 మే 7 తెల్లవారుజాము మర్చిపోకండి. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. ట్యాంకు వేడి ఎంతుందో రోజూ చూసే ఇన్‌స్పెక్టర్ ఉండాలని అడిగితే అది వ్యాపారానికి అడ్డు కాదు.

సీతమ్మధార:
అందరూ ఫ్యాక్టరీలే మాట్లాడుతున్నారు. ఇంట్లో సంగతి చెప్పనా మాస్టారూ? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కూడా కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి చట్టం ఉంది. ఎన్టీఆర్ తెచ్చారు. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది. 1985 నాటికే పెళ్లయిపోయిన మా అక్కకి ఆ చట్టం వర్తించలేదు, నా పెళ్లి 1985 చట్టం వచ్చాకే అయింది కాబట్టి నాకు వర్తించింది. అక్కడే చిక్కు వచ్చింది. మా అన్నయ్య కాగితం తెచ్చి "సంతకం పెట్టమ్మా, పుట్టిల్లు కావాలా వద్దా" అన్నాడు. పెట్టలేదు. పదేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు చెప్పండి. మార్కెట్ నాకు ఆ వాటా ఇచ్చేదా? ఆచారం ఇచ్చేదా? ఇచ్చింది చట్టం. అందుకే నేను లిబరల్‌ని, ఆ మాట గట్టిగానే చెప్తాను. అయినా అన్నయ్య మళ్లీ సంక్రాంతికి పిలిచిన రోజు ఏడ్చాను. ఆ పిలుపు ఏ కోర్టూ ఇప్పించలేదు. సంప్రదాయాన్ని కాపాడుకోవాలనేవాళ్లు ఏం పోతుందని భయపడుతున్నారో నాకు తెలుసు. అది నిజంగానే పోతుంది. అయినా వాటా వదులుకోమనడం తప్పే.

పాడేరు నుంచి:
మా సంగతి మీ మూడు పెట్టెల్లోనూ పట్టదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో నా భూమి గిరిజనేతరులకి అమ్మలేను. లిబరల్ లెక్కలో అది నా స్వేచ్ఛకి సంకెల. నా భూమి మీద నాకు పూర్తి హక్కు లేనట్టే కదా. కాలేజీలో ఉన్నప్పుడు నేనూ అలాగే వాదించాను. కానీ ఆ చట్టం లేకపోయుంటే అరకు రోడ్డు పక్క ఒక్క సెంటు మా చేతిలో మిగిలేది కాదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఏజెన్సీ భూముల్లో ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులు చెల్లవంది కాబట్టే మా కొండలు కొండల్లా ఉన్నాయి. మా తాతల నాటి బతుకు నిలవాలనడం కన్జర్వేటిజం అయితే, నేను కన్జర్వేటివ్‌నే.

కాఫీ దగ్గర మాత్రం మధురవాడ తమ్ముడి మాట ఒప్పుకుంటాను. సర్కారు వారి గిరిజన సహకార సంస్థ, జీసీసీ, ఒక్కటే కొన్నప్పుడు అది చెప్పిందే రేటు. పక్కన ఇంకో కొనుగోలుదారు నిలబడితే ఇద్దరూ మాతో మర్యాదగా మాట్లాడతారు.

గాజువాక మాస్టారు:
అందరివీ రెండేసి సార్లు చదివాను. సీతమ్మధార అమ్మాయి రాసింది మా ఆవిడకి వినిపించాను.

మధురవాడ బాబూ, పోటీలో నష్టపోయినవాడు పక్కకి తప్పుకోవాలన్నావు. సరే. కానీ పోటీ సమానంగా ఉండాలి కదా. మన ప్లాంటుకి సొంత ఇనుప గనులు లేవు. బైలదిల్లా ఖనిజం మన రేవు మీదుగానే జపాన్ వెళ్లింది, ఇక్కడి ఫర్నేసుకి మాత్రం బయటి ధర పెట్టి కొనాలి. గనులున్న కంపెనీ పక్కన నిలబెట్టి నష్టమొచ్చిందంటే ఎలా? ఇంకోటి. 2025లో రుషికొండ దగ్గర టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు. మార్కెట్‌నే నమ్మితే ఆ భూమి మార్కెట్ ధర ఏది? ఆడం స్మిత్ కూడా వ్యాపారులు అడిగి తెచ్చుకునే చట్టాల్ని అనుమానంగా పరీక్షించమనే రాశాడు.

మధురవాడ కుర్రోడు:
99 పైసల్ని కాపిటలిజమని నేననను మాస్టారూ. హైదరాబాద్, బెంగళూరు ఉండగా ఇక్కడికి రావడానికి ఇచ్చిన ఎర అది. 12,000 ఉద్యోగాలన్నారు. వస్తే నా చెల్లెలు హైదరాబాద్ హాస్టల్లో ఉండక్కర్లేదు, అందుకే నోరు మూసుకున్నాను. తప్పు కావచ్చు.

కానీ భూమి మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఉక్కు కోసం 60కి పైగా ఊళ్ల వాళ్లు పొలాలిచ్చారు. భూమి పోయినవాళ్లకి ఉద్యోగం కోసమని ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్న కుటుంబాలున్నాయి. అప్పుడు పొలం తీసుకున్నది ఏ కార్పొరేటూ కాదు, సర్కారే. వాళ్ల ఆస్తి హక్కు గురించి మన లిబరల్స్ ఎవరు మాట్లాడారు?

గాజువాక మాస్టారు:
దెబ్బ సరైన చోట కొట్టావు. నా క్లాసులో ఆ ఇళ్ల పిల్లలు కూర్చునేవారు. ఉద్యమం గురించి పాఠం చెప్పాను గానీ వాళ్ల పొలాల గురించి ఒక్కనాడూ చెప్పలేదు. అది నా తప్పు. ఊరందరి మేలు పేరుతో కొందరి దగ్గర తీసుకుని బాకీ ఎగ్గొట్టడం ఎవరు చేసినా అన్యాయమే. అయినా అమ్మొద్దనే అంటాను. రేపు కొన్నవాడు "ఆ మాట ఇచ్చింది నేను కాదు" అంటే వాళ్లు ఆ కార్డు ఎవరికి చూపించాలి?

మధురవాడ కుర్రోడు:
ముందు కార్డులన్నీ తీర్చేసి, ఆ తర్వాత అమ్మితే ఒప్పుకుంటారా?

గాజువాక మాస్టారు:
ముందు తీర్చమను బాబూ. ఆ రోజు మళ్లీ అడుగు, అప్పుడూ వద్దనే అంటానేమో గానీ ఇంత గొంతుతో అనలేను.