అడ్డం 17లో ‘మనిషి’ చిక్కాడు, సాయం చేయగలరా?

ఒక వారపత్రిక గళ్ళ నుడికట్టులో ఈ ఒక్క ఆధారం తప్ప అన్నీ నిండాయి.

అడ్డం 17: మనిషే, వెనక్కి తిరిగితే వినోదం (3)

మధ్య గడిలో ‘ని’ ఉంది. అది నిలువు 9 చివరి అక్షరం. ‘తెలంగాణకు హైదరాబాద్’ (4) అంటే రాజధాని కాబట్టి అందులో అనుమానం లేదు. మొదటి, చివరి గళ్ళ మీదుగా నిలువు పదాలేవీ పోవడం లేదు, అందుకే ఇంత టెన్షన్.

మొదట నరుడు, మర్త్యుడు అనుకున్నాను, మధ్యలో ‘ని’ లేదు. మానవుడు, మనుజుడు నాలుగక్షరాలు. మనీషిలో ‘నీ’ దీర్ఘం, పైగా దానికి అర్థం బుద్ధిమంతుడని. ‘మనిషి’ అని రాస్తే సరిపోతుంది గానీ, ఆధారంలో ఉన్న మాటనే జవాబుగా ఇచ్చే కూర్పరి కాదు ఈయన. ఆడవాళ్ళనూ వదల్లేదు: వనితను తిప్పితే ‘తనివ’, మానినిని తిప్పితే ‘నినిమా’. రెండూ అర్థం లేనివే. వినోదం వైపు నుంచి ఆట, పాట, నాటకం, హరికథ కూడా తిప్పి చూశాను, ఏదీ మనిషి కాలేదు.

వాడుకలో తగ్గిన పాత తెలుగు మాట ఏదైనా కావచ్చని నా అనుమానం. ఈ కూర్పరికి అలాంటివంటే ఇష్టం. పూరణ పంపడానికి శనివారం ఆఖరు.

మనిషి అనే అర్థమిచ్చే, మధ్యలో ‘ని’ ఉన్న, తిప్పి చదివితే వినోదం వచ్చే ఆ మూడక్షరాల పదం ఏది?