కెరటిన్ 10 యాంటీబాడీ రంగు చూపడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (పాథాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి)
నమస్కారం. ఫార్మలిన్‌లో నిలవచేసి పారఫిన్‌లో పోతపోసిన పెదవి కణజాలంపై కెరటిన్ 14, కెరటిన్ 10 (పైపొర కణాల్లోని ప్రోటీన్లు) ఎక్కడున్నాయో రంగుతో చూపే యాంటీబాడీలను విడివిడిగా వాడాను. మొదటిది అడుగు పొరలో చక్కని గోధుమరంగు చూపగా, రెండవది ఎక్కడా కనిపించలేదు. చెన్నై నుంచి వచ్చేసరికి దాని పెట్టెలోని ఐసు కరిగిపోయి ఉంది. లోపం యాంటీబాడీదేనా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు)
ఐసును అప్పుడే నిందించకండమ్మా. ఫార్మలిన్ ప్రోటీన్ల మధ్య అడ్డబంధాలు కట్టి, యాంటీబాడీ అతుక్కోవలసిన చోటును కప్పేస్తుంది కాబట్టి, ఆ చోటు మళ్లీ తెరుచుకునేలా స్లైడును 6.0 పీహెచ్ సిట్రేట్ ద్రావణంలో వేడిచేసి చూశాక, 9.0 పీహెచ్ ట్రిస్-ఈడీటీఏ ద్రావణంలో కూడా ప్రయత్నించండి. మన ఎండలకు స్లైడు ఇట్టే ఆరిపోయి అంచుల్లో దొంగరంగు పడుతుంది; తేమపెట్టె మరవకండి.

జవాబు (పాథాలజీ బోధకుడు, తిరుపతి)
అసలు ఆ ముక్క పెదవి లోపలి వైపుదా, బయటి వైపుదా? కెరటిన్ 5, 14 జంట రెండు చోట్లా అడుగు పొరలో ఉంటుంది. పై పొరల్లో మాత్రం చర్మానికి కెరటిన్ 1, 10 ఉంటే, లోపలి మెత్తని శ్లేష్మపు పొరకు సాధారణంగా కెరటిన్ 4, 13 ఉంటాయి. మామూలు చర్మపు ముక్కను కంట్రోల్‌గా (రంగు తప్పక రావలసిన పోలిక నమూనాగా) పక్కనే నడపనిదే ‘రంగు రాలేదు’ అన్న ఫలితానికి విలువ లేదని నా అభిప్రాయం.

విద్యార్థిని
లోపలి వైపుదే, సార్. రేపు చర్మంతో కలిపి మళ్లీ చేస్తాను.