హైదరాబాద్ నార్సింగి–కొల్లూరు సైకిల్ ట్రాక్ మీద వెళ్లేటప్పుడూ ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి. సైకిల్‌లో లోపమా?

మణికొండ సవారి:
పొద్దున ట్రాక్ నుంచి వచ్చినప్పటి నుంచి సైకిల్ ముందేసుకుని కూర్చున్నా, ఇప్పుడు సాయంత్రమైంది. ముందు చక్రం హబ్ (నడిమి ఇరుసు భాగం) విప్పి గ్రీజు పెట్టా, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) బిగించా, చైన్ కడిగా. ఎక్కడా లూజు లేదు, బ్రేక్ రాసుకోవట్లేదు. అయినా కొల్లూరు వైపు పోతుంటే గాలి వెనక్కి తోస్తుంది, తిరిగొస్తుంటే మళ్లీ అదే. పైగా వచ్చేటప్పుడు ఉన్నట్టుండి హ్యాండిల్ కుడి పక్కకి లాగేస్తోంది, పక్కన వెళ్లే వాళ్లకి తగులుతానేమోనని టెన్షన్. రెండు వైపులా ఎదురుగాలి ఎలా ఉంటుంది? ఇంకేం విప్పి చూడాలి?

చక్రం:
ఏ సైకిల్? టైర్ సైజు ఎంత? గాలి ఎంత కొట్టారు?

నల్లగండ్ల పెద్దాయన:
అసలు మనవాళ్లు టైర్‌లో గాలి సంగతే పట్టించుకోరు. పంక్చర్ షాపులో బొటనవేలితో నొక్కి చూసి సరే అంటారు. గేజ్ ఉన్న పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి బాబూ. టైర్ పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 28 మిల్లీమీటర్ల టైర్‌కి డెబ్బై కిలోల మనిషైతే 75–80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. వంద కొట్టి రోడ్డు మీద ఎగురుతూ పోతే పట్టు పోతుంది. సన్నటి ట్యూబ్‌లో గాలి వారానికే తగ్గుతుంది కాబట్టి బయల్దేరే ముందు ప్రతిసారీ చూసుకోవాలి.

మణికొండ సవారి:
సర్, టైర్ గాలి బాగానే ఉంది. నా ప్రశ్న బయటి గాలి గురించి.

గండిపేట రూట్:
హబ్ మళ్లీ విప్పకండి, లోపం అక్కడ లేదు. అక్టోబర్ దాటాక మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. నార్సింగి నుంచి కొల్లూరు దాదాపు వాయవ్యంగా ఉంటుంది. అంటే పోయేటప్పుడు కుడి భుజానికి, వచ్చేటప్పుడు ఎడమ భుజానికి తగిలేది పక్కగాలి. మీరు ఎదురుగాలి అంటున్నది అదే.

పాత స్టీల్:
ఈశాన్య రుతుపవనాలు తెలంగాణకి ఎక్కడొస్తాయండీ? ఆ వానలు కోస్తాకి, రాయలసీమకి, తమిళనాడుకి. మనకి గాలి అంటే జూన్, జూలైలో వచ్చే పడమటి గాలే. అప్పుడు నెక్లెస్ రోడ్డులో నిలబడటమే కష్టం.

గండిపేట రూట్:
వాన సంగతి వేరు, గాలి దిశ వేరు. వాన పెద్దగా పడకపోయినా నైరుతి వెనక్కి పోయాక గాలి ఇటు తిరుగుతుంది. జూన్, జూలై గాలే బలమైనది, ఒప్పుకుంటా. కానీ ఈ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇక్కడ కూడా జోరుగా వీస్తుంది.

పాత స్టీల్:
అది వాయుగుండం గాలి అనండి, రుతుపవనాలు అనకండి.

మణికొండ సవారి:
ఏ గాలైనా సరే అన్నా, పక్కగాలైతే స్పీడ్ ఎందుకు తగ్గాలి? పక్కకి తొయ్యాలి గానీ వెనక్కి కాదు కదా.

గండిపేట రూట్:
తగ్గుతుంది. మీరు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మీ కదలిక వల్లే ముందు నుంచి 20 గాలి ఉంటుంది. దానికి పక్క నుంచి ఇంకో 20 కలిస్తే మీకు తగిలేది ఏటవాలుగా ముందు నుంచి దాదాపు 28. ముందుకు పోవడానికి అడ్డుపడే గాలి బలం, ఏ గాలీ లేని రోజు కంటే 1.4 రెట్లు అవుతుంది. ఇటు తిరిగినా అటు తిరిగినా లెక్క ఒకటే, అందుకే రెండు వైపులా ఎదురుగాలి అనిపించింది. నిజమైన ఎదురుగాలి 15 ఉంటే అది మూడు రెట్లు. గేర్ తగ్గించి కాళ్లు తేలిగ్గా తిప్పండి, మోచేతులు వంచి కిందికి వంగండి, గుండీలు పెట్టని జాకెట్ వేసుకోకండి.

చక్రం:
హ్యాండిల్ లాగడానికి ఇదొక్కటే కారణం కాదు. రిమ్ (టైర్ ఎక్కే వలయం) లోతు ఎంత?

మణికొండ సవారి:
50 మిల్లీమీటర్లు. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ చక్రాలు తీసుకున్నా, రెండూ అవే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

చక్రం:
అదే. ముందు చక్రం రిమ్ మార్చు.

గండిపేట రూట్:
ఈ మాట మొదట్లోనే తెలిస్తే మీ హబ్‌కి ఇంత శ్రమ ఉండేది కాదు. లోతు రిమ్ పక్కగాలికి తెరచాపలా పట్టుకుంటుంది. ముందు చక్రం హ్యాండిల్‌తో పాటు తిరిగేది కాబట్టి గాలి తోసిన వైపు స్టీరింగ్‌ని తిప్పేస్తుంది. ఎడమ నుంచి గాలి, కుడికి లాగుడు, సరిపోయిందా? వెనక 50 ఉండనివ్వండి, ముందు మాత్రం పాత లోతు తక్కువ రిమ్ వేసుకోండి. గాలి విసురు తగిలినప్పుడు హ్యాండిల్ గట్టిగా బిగబట్టకండి, ముందు చక్రం బ్రేక్ లాగకండి, తొక్కుతూనే ఉండండి. గాలి తోసే వైపు ఖాళీ ఉంచుకుని వెళ్లండి. అది ఎదురెదురుగా వచ్చే ట్రాక్, పిల్లలు కూడా తిరుగుతుంటారు, నాకు అసలు భయం అక్కడే.

నల్లగండ్ల పెద్దాయన:
తెల్లవారగానే వెళ్లండి. ఎండ ఎక్కి నేల వేడెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. ట్రాక్ పైన సోలార్ కప్పు ఎండని ఆపుతుంది గానీ పక్కలు తెరిచే ఉంటాయి. రిమ్ మార్చాక టైర్ గాలి మళ్లీ చూసుకోండి.

పాత స్టీల్:
కార్బన్ ఎందుకండీ, ముప్పై ఆరు పుల్లల అల్యూమినియం రిమ్ కట్టించుకోండి, పదేళ్లు చూడక్కర్లేదు.

చక్రం:
ముప్పై రెండు చాలు.

పాత స్టీల్:
మన రోడ్లకి చాలవు. గతుకుల్లో పడితే తెలుస్తుంది.

మణికొండ సవారి:
పాత చక్రం అటక మీద ఉంది, రాత్రికి దించుతా. థాంక్స్ అన్నా.

కోకాపేట కొత్త:
ఇదే ట్రాక్‌కి ఆదివారం మా పాపని చిన్న సైకిల్‌తో తీసుకొద్దామనుకుంటున్నా. ఈ గాలికి పదహారు అంగుళాల చక్రాలు ఆగుతాయా?