రుద్రదేవ మహారాజు పాలించాడా, పాలించిందా?

నిన్న ఇక్కడ ఒకరు రుద్రమదేవిని ట్రాన్స్‌జెండర్ అనొచ్చా అని అడిగితే సగం మంది కోప్పడ్డారు, సగం మంది ఎందుకనకూడదు అన్నారు, మాటల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, అందుకే విడిగా పెడుతున్నా.

శాసనాల్లో ఆవిడ చాలాచోట్ల రుద్రదేవ మహారాజే. గణపతిదేవుడు కూతురికి రుద్రుడని మగపేరు పెట్టాడని ప్రతాపరుద్రీయం అనే అలంకార గ్రంథంలో కాకతీయుల ఆస్థాన కవి విద్యానాథుడు కూడా చెప్తాడు. ఇవి చూసి తనను తాను మగవాడనుకుందని తేల్చేస్తే ఎలాగండీ? మహారాజు అన్నది పదవి పేరు. ఇప్పుడు దేశాధినేత కుర్చీలో మహిళ ఉన్నా రాష్ట్రపతి అనే అంటున్నాం, చివర "పతి" ఉంది కదా అని ఎవరైనా మగాడనుకుంటున్నారా? 1289 నాటి చందుపట్ల శాసనంలో ఆవిడ చనిపోయిన ప్రస్తావన వచ్చేసరికి రుద్రమదేవి అనే ఉంది. మార్కోపోలో అయితే ఇంకో లేబుల్ వేశాడు, రాజుగారి విధవ అని! తండ్రి రాజ్యం కూతురికి రావడం ఆయన ఊహకే అందలేదు పాపం.

అలాగని పెళ్లయింది, కూతుళ్లున్నారు కాబట్టి ఇంకేం మాట్లాడకండి అనేవాళ్ల వాదన కూడా నాకు ఎక్కదు. పెళ్లి ఆరోజుల్లో రాజకీయం, మనసులో ఏముందో దాన్నిబట్టి ఎలా చెప్తాం. ఆవిడ తన గురించి తాను చెప్పుకున్న మాట ఒక్కటీ మన చేతిలో లేదు, నా గొడవంతా అదే.

↳ మేస్టారూ మరి జేమ్స్ బారీ సంగతేంటి? ఎడిన్‌బరాలో 1812లో డాక్టర్ పట్టా, తర్వాత బ్రిటిష్ సైన్యంలో సర్జన్, 1826లో కేప్‌టౌన్‌లో సిజేరియన్ చేసి తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ బతికించారు. 1865లో పోయాక శవానికి స్నానం చేయించినావిడ ఇది ఆడమనిషి ఒళ్లు అని బయటపెట్టింది. దీన్నెలా రాస్తారు? నేనైతే "మగవేషంలో బతికిన మహిళ" అని రాస్తా, లేబుల్స్ గోల ఉండదు.

↳ ఉండదంటారేంటండీ, అదీ లేబులే కదా! వేషం అంటే సాయంత్రానికి తీసేసేది. యాభై ఏళ్లకు పైగా ఒక్కరోజు కూడా తీయనిదాన్ని వేషం అంటే లోపల ఇంకెవరో ఉన్నారని మీరే తీర్పు ఇచ్చేసినట్టు. ట్రాన్స్‌జెండర్ అన్న మాటేమో ఈ కాలంది, వేషం అన్నది పాతది కాబట్టి కళ్లకు ఆనదు, అంతే తేడా. బారీ మగవాడిగా చదివాడు, కొలువు చేశాడు, పోయాడు, కాబట్టి నేను "చేశాడు" అనే రాస్తా. రుద్రమకి "పాలించింది" అంటా. ఇద్దరికీ ఒకే కొలత పెట్టాలని రూలేం లేదు, ఎవరి బతుకు ఎలా కనిపిస్తోందో చూసుకోవాలి.

↳ అసలు ఈ తంటా మన క్రియలది సార్. శాసనాల్లో "మహారాజులు పృథ్వీరాజ్యం సేయుచుండగాను" లాంటి వరస చూడండి, పేరుకేమో గౌరవ బహువచనం, క్రియలో మగా లేదు ఆడా లేదు. గ్రాంథికంలో రాముడు వచ్చెను, సీత వచ్చెను, రెండూ ఒకటే. వచ్చాడు, వచ్చింది అని వాడుక భాషలోకి వచ్చాకే ప్రతి వాక్యం చివరా తేల్చుకోవాల్సి వస్తోంది.

↳ అయితే పాలించెను అని రాసేద్దామా 😀

↳ రాయండి, మొదటి పేరా అవ్వకముందే జనం పాత టెక్స్ట్‌బుక్ అనుకుని మూసేస్తారు. నేను "పాలించారు" అని గౌరవానికి రాసి తప్పించుకుంటుంటా, నిజం చెప్పాలంటే అది గౌరవం కన్నా పిరికితనమే ఎక్కువ.