ఏఎఫ్ఎల్ జట్ల రేటింగుకు ఎలో మేలా, కనిష్ఠ వర్గాల పద్ధతి మేలా?

లెక్కలపుస్తకం (ప్రశ్న):
ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ పాత ఫలితాలను దగ్గర పెట్టుకుని జట్లకు సొంతంగా రేటింగులు కడుతున్నాను. అధికారిక పట్టికలో గెలుపుకు 4 పాయింట్లు, మ్యాచ్ సమమైతే 2. పాయింట్లు సమానమైతే, చేసిన స్కోరును ప్రత్యర్థులకు ఇచ్చిన స్కోరుతో భాగించి వచ్చిన శాతాన్ని చూస్తారు. 18 జట్లున్న లీగులో తలా 23 మ్యాచ్‌లంటే, ఒక్కో జట్టు ఆరు జట్లతో రెండేసి సార్లు, మిగతా పదకొండింటితో ఒక్కసారే ఆడుతుంది. ఎవరికి ఎంత గట్టి ప్రత్యర్థులు తగిలారో పట్టికకు అక్కరలేదు. అందుకని ప్రతి మ్యాచ్ తర్వాత ఇరు జట్ల రేటింగులనూ కాస్త సవరించే ఎలో పద్ధతినీ, స్కోరు తేడాలన్నిటినీ ఒకేసారి సాధించి, తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా రేటింగులు కట్టే మాసీ తరహా కనిష్ఠ వర్గాల పద్ధతినీ పక్కపక్కన నడిపి చూస్తే, ఆరో వారానికి రెండూ ఇచ్చే వరుసలకు పొంతనే కుదరలేదు. దేన్ని నమ్మమంటారు?

ఓవల్‌బంతి:
ఆరో వారంలో పొంతన కుదరకపోవడమే సహజమండీ. ఎలో నిరుటి రేటింగును కొంత సగటు వైపు లాగి కొత్త సీజన్‌లోకి తెస్తుంది. మాసీ పద్ధతిని ఈ ఏటి ఫలితాలతోనే నడిపితే, జట్టుకు ఆరు మ్యాచ్‌లే ఆధారం కాబట్టి, ఎవరో ఒకరు వంద పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడితే ఆ కుదుపు వారితో ఆడిన వాళ్లందరి రేటింగులకూ పాకుతుంది. సీజన్ చివరికి రెండూ చాలావరకు దగ్గరపడతాయి.

నన్నడిగితే, సూత్రం కన్నా దానికి ఏ అంకెలు అందిస్తున్నారన్నదే ముఖ్యం. గోల్‌కు 6, బంతి గోల్ స్తంభాల పక్క సందులోంచి పోతే వచ్చే బిహైండ్‌కు 1 పాయింటు కదా. 2023 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 12.18 (90), అంటే 12 గోల్స్, 18 బిహైండ్లు, మొత్తం 90 పాయింట్లు; బ్రిస్బేన్ 13.8 (86). తేడా 4 పాయింట్లే అయినా స్కోరింగ్ షాట్లు (గోల్స్, బిహైండ్లు కలిపి) 30, 21. గురి వారం వారం ఊగిసలాడుతుంది గనుక పాయింట్లకు బదులు షాట్లతో లెక్క కట్టడం మేలని నా అభిప్రాయం.

నాలుగోక్వార్టర్:
ఓవల్‌బంతి గారి మాట సగమే ఒప్పుకోగలను. 2008 గ్రాండ్ ఫైనల్ చూడండి: హాథార్న్ 18.7 (115), జీలాంగ్ 11.23 (89). షాట్ల లెక్కన 34కు 25, జీలాంగే గెలవాలి. కానీ ఆ 23 బిహైండ్లలో దాదాపు సగం, హాథార్న్ డిఫెండర్లు ఒత్తిడి తప్పించుకోవడానికి బంతిని తమంతట తామే గీత దాటించినవి. వాటిని జీలాంగ్ గురి చూసి తన్నిన షాట్లుగా ఎలా లెక్కిస్తాం? ఉద్దేశపూర్వకంగా అలా చేస్తే ఫ్రీ కిక్ ఇవ్వాలనే నిబంధన మరుసటి ఏడాదే వచ్చింది. కాబట్టి షాట్లనూ పాయింట్లనూ కొంత కొంత కలపడమే నాకు నచ్చిన దారి.

సొంత మైదానం లెక్క కూడా సరిచూసుకోండి. మెల్‌బోర్న్‌లోని ఎమ్‌సీజీ మైదానంలో రిచ్‌మండ్, కాలింగ్‌వుడ్ తలపడితే కాగితం మీద ఆతిథ్య జట్టు ఎవరైనా, ఆ మైదానం ఇద్దరికీ అలవాటైనదే. అదే పెర్త్ నుంచి వచ్చే వెస్ట్ కోస్ట్‌కు దేశం అడ్డంగా దాటే ప్రయాణం. అందరికీ ఒకే అంకె కలిపితే రేటింగులు వంకర తిరుగుతాయి. ఇక 2020లో క్వార్టర్లను 20 నుంచి 16 నిమిషాలకు తగ్గించారు. ఆ ఏటి తేడాలను యథాతథంగా వాడవద్దు.

లెక్కలపుస్తకం:
ఇద్దరికీ ధన్యవాదాలు. 2020ని ప్రస్తుతానికి పక్కన పెడతాను. ఇంతకీ రెంటిలో ఏది మెరుగో తేల్చే కొలత ఏమిటి? సరైన జోస్యాల సంఖ్య చాలా?

ఓవల్‌బంతి:
చాలదు, 51 శాతం నమ్మకాన్నీ 95 శాతం నమ్మకాన్నీ ఆ లెక్క ఒకే గాటన కడుతుంది. మోనాష్ విశ్వవిద్యాలయం 1995 నుంచి నడుపుతున్న జోస్యాల పోటీలోని బిట్ల పద్ధతి చూడండి: గెలిచిన జట్టుకు మీరిచ్చిన సంభావ్యతకు 2 ఆధారంగా లాగరిథమ్ తీసి 1 కలపాలి. 95 శాతం చెప్పి నెగ్గితే 0.93 బిట్లు వస్తాయి, తప్పితే 3.32 పోతాయి. మీ రెండు పద్ధతులనూ, వాటి స్థిరాంకాలను సవరించడానికి వాడని సీజన్ల మీద ఇలా కొలవండి.